పక్క బ్యాండ్ స్టేజీ మీదికి పెద్ద రాకర్ ఎక్కితే: పండగా? పెత్తనమా?

గంటస్తంభం కీస్ (విజయనగరం), రాత్రి 10:52

ఒకటి అడగాలి. అడిగే ముందు జరిగింది చెప్పాలి, లేకపోతే ఇదేటి గోల అనుకుంటారు.

మొన్న శ్రీకాకుళం వైపు ఒక ఊళ్ళో అమ్మవారి పండగకి మా ఆర్కెస్ట్రా. నాది కీబోర్డ్. మాతో పాడే అమ్మాయి డిగ్రీ సెకండియర్. నెల్రోజులుగా ఒకే పాట పట్టుకు కూర్చుంది. చరణంలో ఎక్కడ ఊపిరి తీసుకోవాలో కూడా పెన్నుతో గుర్తు పెట్టుకుంది. సరిగ్గా ఆ పాట వేళకి కమిటీవాళ్ళు స్టేజీ ఎక్కి ‘మీకో సర్‌ప్రైజ్’ అన్నారు. టీవీ పోటీల్లో పాడిన ఒకాయన, ఊళ్ళో ఎవరికో చుట్టమట, వచ్చీసాడు. ఏ పాట సార్ అంటే, అదే పాట!

అమ్మాయిది ఐదున్నర శృతి. ఆయనకి ఒకటిన్నర కావాలి. నేను ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కి కీబోర్డ్ శృతి మొత్తం ప్లస్ ఐదుకి జరిపీసాను. గిటార్ కుర్రాడు శృతి పెంచే క్లిప్పు, అదే కాపో, దాని కోసం జేబులు తడుముకుంటున్నాడు. జనం ఈలలు, ఫోన్లు పైకి. పాటయింది, శాలువా కప్పారు, ఆయన కారెక్కి ఎలిపోనాడు.

ఆ కంగార్లో ట్రాన్స్‌పోజ్ మళ్ళీ సున్నాకి తేలేదు. తర్వాతి పాట అందరూ ఐదు మీద ఎత్తుకుంటే నా కీబోర్డ్ ఒకటి మీద మోగింది. మూడు సెకన్లే. కానీ మైకు ముందు నిలబడింది ఆ అమ్మాయి. జనం నవ్వింది ఆమెని చూసి.

ఇంటికొచ్చి నిద్ర పట్టక యూట్యూబ్‌లో పాత రాక్ కచేరీలు చూస్తన్నాను. అక్కడా పెద్ద పెద్దోళ్ళు హఠాత్తుగా పక్కోడి స్టేజీ ఎక్కుతారు కదా. వాళ్ళకి ఈ శృతి గొడవ రాదా? అప్పటిదాకా చెమటోడ్చిన బ్యాండోళ్ళ గతేటి? తెలిసినోళ్ళు చెప్పండి.

పలాస జీడిపప్పు, రాత్రి 11:03

మూడు సెకన్లకి ఇంత బాధా గురూ? మా వీధి పందిట్లో ఒకడు మూడు గంటలు వేరే శృతిలోనే పాడాడు. ఆఖర్న సన్మానం కూడా చేశారు.

నాగావళి గట్టు (శ్రీకాకుళం), రాత్రి 11:31

కీస్ అన్నా, నువ్వడిగినదానికి నాకు మొదట గుర్తొచ్చేది 1974 నవంబర్ 28. న్యూయార్క్, మాడిసన్ స్క్వేర్ గార్డెన్, ఎల్టన్ జాన్ కచేరీ.

కథ ఎలా మొదలైందంటే, ఆ ఏడాది జాన్ లెన్నన్ ఒక పాట రికార్డు చేసుకుంటుంటే ఎల్టన్ వెళ్ళి పియానో వాయించాడు, గొంతు కూడా కలిపాడు. ‘ఇది నంబర్ వన్ అవుతుంది, అయితే నా స్టేజీ మీదికొచ్చి పాడాలి’ అని పందెం. లెన్నన్‌కి నమ్మకం లేదు, సరే అనీసాడు. పాటేమో అమెరికాలో నంబర్ వన్ అయి కూర్చుంది! బతికుండగా అతను సోలోగా కొట్టిన నంబర్ వన్ అదొక్కటే. మాట ఇచ్చాడు కాబట్టి వచ్చాడు. బీటిల్స్ లెన్నన్! వేలమంది ముందు పాడి చాలా కాలమైంది. ఎక్కే ముందు భయంతో వాంతి చేసుకున్నాడని ఎల్టనే తర్వాత చెప్పాడు.

మూడు పాటలు పాడాడు. మూడోది బీటిల్స్‌లో తన తోటివాడు పాల్ మెకార్ట్‌నీ పాడే ‘ఐ సా హర్ స్టాండింగ్ దేర్’. బీటిల్స్ విడిపోయాక ఇద్దరికీ చెడింది. అయినా పేరు పెట్టి, ఇది పాల్ పాట అని చెప్పి మరీ పాడాడు. పెద్ద కచేరీ వేదిక మీద లెన్నన్‌ని జనం చూసింది అదే ఆఖరుసారి.

ఇక్కడ నీ ప్రశ్నకి జవాబుంది చూడు. ఎల్టన్ పక్కకి తప్పుకోలేదు. పియానో దగ్గరే ఉండి, గొంతు కలుపుతూ, బ్యాండ్‌ని నడిపాడు. ఆ బ్యాండ్‌కి పాటలు ముందే తెలుసు. జనానికే సర్‌ప్రైజ్, స్టేజీకి కాదు.

రాజాం బుల్లెట్, ఉదయం 6:48

పాత ముచ్చట్లే ఎందుకన్నా. 2025 ఫిబ్రవరి, బెంగళూరులో ఎడ్ షీరన్ కచేరీ. శిల్పా రావు స్టేజీ ఎక్కింది, ఇద్దరూ కలిసి దేవర పాట. ఎడ్ షీరన్ నోట తెలుగు! మా హాస్టల్ అంతా ఫోన్‌కి అతుక్కుపోయింది. కరువు సాయానికి పెట్టిన లైవ్ ఎయిడ్ కచేరీ, 1986లో, అక్కడ కూడా అందరూ అందరి స్టేజీలూ ఎక్కీసారట కదా.

నాగావళి గట్టు, ఉదయం 7:15

1985 తమ్ముడూ, జూలై 13. ఫిల్ కాలిన్స్ లండన్ వెంబ్లీలో పాడి, కాంకార్డ్ విమానమెక్కి, అదే రోజు ఫిలడెల్ఫియాలో గిటారిస్ట్ ఎరిక్ క్లాప్టన్ వెనకా, లెడ్ జెప్పెలిన్ బ్యాండ్ వెనకా డ్రమ్స్ కొట్టాడు. ఆ జెప్పెలిన్ సెట్టు మాత్రం వినకు. ప్రాక్టీసు లేకపోతే ఎంత గొప్పోళ్ళయినా ఎలా మోగుతారో తెలుస్తుంది.

బొబ్బిలి వీణ, ఉదయం 9:20

రాజాం తమ్ముడు తెలియకుండానే మంచి మాట చెప్పాడు. షీరన్ తన పాటలతోనే సరిపెట్టుకోలేదు, తనే శిల్పా రావు పాట నేర్చుకున్నాడు. స్టేజీ అతనిది, జనం అతని కోసం వచ్చినవాళ్ళు, నోరు తిరగని భాష. అయినా తనే శిష్యుడిలా నిలబడ్డాడు. అతిథిని పిలవడమంటే అది.

కీస్ గారూ, మీ ఊళ్ళో జరిగింది దీనికి తలకిందులు. ఇంటిపిల్ల వండుకున్న అన్నం చుట్టానికి వడ్డించారు. చుట్టానికి ఆ సంగతి తెలుసో లేదో మీరు రాయలేదు.

మైకుసెట్టు (చీపురుపల్లి), ఉదయం 10:05

నా మాట కూడా వినండి. ఇరవయ్యేళ్ళుగా సౌండ్ పెడతన్నాను. గెస్టు అంటే మీకు పాట, నాకు గండం. చేతికి దొరికిన మైకు లాక్కుంటాడు, అది కోరస్ మైకు, గెయిన్ (గొంతు పట్టే బలం) తక్కువ. ‘వినపడతా లేదు’ అని కమిటీ కుర్రాళ్ళు నా మీదికొస్తారు. పెంచితే ఆయన మానిటర్ (స్టేజీ మీది స్పీకర్) ముందుకెళ్ళి నిలబడతాడు, కుయ్ మంటది. కొందరు మైకుని తట్టి చూస్తారు, కొందరు ఊదుతారు. ఊదినోడి పాట బాగున్నట్టు నేనింతవరకూ చూడలేదు.

ఇంకోటి, పది కొట్టేసరికి ఎస్సైగారి నుంచి ఫోన్. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా లౌడ్ స్పీకర్ కూడదు కదా. ప్రభుత్వం పండగలకి సడలించినా పన్నెండు దాకానే, అదీ ఏడాదికి పదిహేను రోజులు మించకూడదు. ఈ గెస్టులేమో తొమ్మిదీ యాభైకే ఎక్కుతారు.

నాగావళి గట్టు, ఉదయం 10:40

మైకుసెట్టు అన్నా, నీకు నచ్చే కథ ఉంది. 2012 జూలై 14, లండన్ హైడ్ పార్క్. బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ మూడు గంటలు దాటించి పాడాడు. ఆఖర్న గెస్టుగా పాల్ మెకార్ట్‌నీ. రెండు పాటలు కలిసి పాడారు. అక్కడి గడువు రాత్రి పదిన్నర, అది దాటిపోయింది. నిర్వాహకులు సౌండ్ కట్ చేసీసారు! ఒకడు బీటిల్, ఒకడు బాస్ అనిపించుకున్నోడు, ఇద్దరూ థాంక్యూ చెప్తుంటే జనానికి వినపడలేదు. తర్వాతి కచేరీ డబ్లిన్‌లో. ఎక్కడ ఆగిందో ఆ పాట తోక పట్టుకునే మొదలెట్టాడు స్ప్రింగ్‌స్టీన్.

మైకుసెట్టు, ఉదయం 10:44

ఆ స్విచ్ నొక్కినోడికి ఒక దండం. నాకైతే చెయ్యాడదు.

పలాస జీడిపప్పు, ఉదయం 11:02

లండన్‌లో కూడా ఎస్సైగారు ఉన్నారన్నమాట.

నాగావళి గట్టు, మధ్యాహ్నం 1:30

రాస్తుంటే ఒకటి తట్టింది. హైడ్ పార్క్‌లో ఆ ఇద్దరూ పాడిన మొదటి పాట ఏదనుకున్నారు? మళ్ళీ ‘ఐ సా హర్ స్టాండింగ్ దేర్’! 1974లో లెన్నన్, ఎల్టన్ పక్కన. 2008 జూలైలో న్యూయార్క్ షే స్టేడియం పడగొట్టే ముందు బిల్లీ జోయెల్ ఆఖరి కచేరీ పెడితే, మెకార్ట్‌నీ లండన్ నుంచి విమానంలో దిగి, కచేరీ నడుస్తుండగానే వచ్చి పాడిందీ అదే. ఆ స్టేడియంలోనే 1965లో బీటిల్స్ పాడారు, అందుకే అంత దూరం వచ్చాడు. 2012లో మళ్ళీ అదే. ఎందుకో కీస్ అన్న చెప్పాలి.

గంటస్తంభం కీస్, మధ్యాహ్నం 2:10

ఇప్పుడే వాయించి చూశాను. ఆ పాట E మేజర్, మన లెక్కలో మూడు శృతి. కార్డ్‌లు మూడే ముఖ్యం: మూడు, ఆరు, ఏడు. మధ్యలో ‘ఊ’ అని అరిచే చోట ఒక వింత సి మేజర్ వస్తుంది, అదొక్కటే తెలిసుండాలి. దొంగ బిట్లు లేవు, ఇంటర్‌లూడ్‌లో వయొలిన్లు లేవు. గిటార్ పట్టుకున్న ప్రతివాడూ చిన్నప్పుడే నేర్చుకునుంటాడు. వన్ టూ త్రీ ఫోర్ అంటే చాలు, ఎవరైనా ఎక్కొచ్చు.

మన సినిమా పాట అలా కాదు. పల్లవికి ముందు ఇరవై సెకన్ల ఫ్లూట్ బిట్, తర్వాత స్ట్రింగ్స్, రెండో చరణానికి ముందు బిట్ మళ్ళీ వేరే. ఒక్క బిట్ తప్పితే జనం ‘ఇది ఆ పాట కాదు’ అంటారు. రాక్ వాళ్ళు పాటని వాకిలిలా కడతారు, మన సంగీత దర్శకులు పెట్టెలా కడతారు. అందుకే గెస్టొస్తే మాకు చెమటలు.

మూడులాంతర్లు (విజయనగరం), సాయంత్రం 5:25

పిల్లలూ, ఆలస్యంగా వచ్చాను. మన ఊరు మరిచిపోయి లండన్ దాకా వెళ్ళారేం?

నేను మహారాజావారి సంగీత కళాశాలలో మృదంగం నేర్చుకున్నవాణ్ణి. 1919లో పెట్టిన కాలేజీ. మొదటి ప్రిన్సిపాలు ఆదిభట్ల నారాయణదాసు, వయొలిన్‌కి ద్వారం వెంకటస్వామి నాయుడు, ఘంటసాల చదువుకున్నదీ అక్కడే. ఇదంతా మీకు తెలిసినదే. నేను చెప్పదలచింది వేరు. మన కచేరీలో పక్కవాద్యం వాళ్ళు చాలాసార్లు ప్రధాన గాయకుణ్ణి చూసేదే వేదిక మీద. రిహార్సలు ఉండదు. ఏ కీర్తన పాడతాడో ముందుగా తెలియదు. తంబురా శృతి ఒకటి, తాళం ఒకటి, ఆ రెండింటి మీదే నమ్మకం. ఆ లెక్కన మేం జీవితాంతం గెస్టులమే నాయనా.

అయితే ఒక పద్ధతి ఉంది. వచ్చినవాడు మొదట అడిగే మాట ‘తమరి శృతి ఎంత?’ అని. నా మృదంగం గాయకుడి శృతికి కట్టుకోవాలి గానీ, నా మృదంగానికి తగ్గట్టు ఆయన్ని పాడమనను. అవసరమైతే రాయి పుచ్చుకుని అక్కడే మీటు (మృదంగం అంచు తోలు) సరిచేసుకుంటాం. అది జనం ముందు జరిగినా సిగ్గు లేదు.

నాగావళి బాబు బంగ్లాదేశ్ కచేరీ ఎందుకు మరిచాడో. 1971 ఆగస్టు 1, అదే మాడిసన్ స్క్వేర్ గార్డెన్. బీటిల్స్ గిటారిస్ట్ జార్జ్ హారిసన్ పెట్టినది, అడిగినది రవిశంకర్. రవిశంకర్, అలీ అక్బర్ ఖాన్, తబలా అల్లారఖా కూర్చుని శృతి చేసుకుంటే, అది పాటే అనుకుని జనం చప్పట్లు! శృతే ఇంత నచ్చితే వాయించేది ఇంకా నచ్చుతుందని ఆయన చమత్కరించాడు. నేను రికార్డులో విన్నాను, నవ్వొచ్చింది. తర్వాత ఆలోచిస్తే, శృతి కలపడానికి చప్పట్లు కొట్టిన జనం అంత తప్పేం చేశారనిపించింది.

నాగావళి గట్టు, సాయంత్రం 6:02

మాస్టారూ, క్షమించాలి, దాన్ని ఆఖరికి దాచుకున్నాను. ఆ రోజు బాబ్ డిలాన్ వస్తాడో రాడో హారిసన్‌కే నమ్మకం లేదు. గిటార్‌కి అంటించుకున్న పాటల చీటీలో ‘బాబ్’ అని రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టుకున్నాడు. ఒక పాటయ్యాక వెనక్కి తిరిగి చూస్తే గిటార్ తగిలించుకుని వస్తున్నాడు. మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి, రెండు కచేరీలకీ కలిపి 40,000 మంది.

రాజాం బుల్లెట్, సాయంత్రం 6:40

అందరూ మర్యాద మర్యాద అంటున్నారు. అసలు మజా స్టేజీ దోచీస్తేనే కదా. గిటారిస్ట్ జిమీ హెండ్రిక్స్ క్లాప్టన్‌ని ఏడిపించాడంట?

నాగావళి గట్టు, సాయంత్రం 7:20

ఏడిపించడం కాదు గానీ, దడ పుట్టించాడు. 1966 అక్టోబర్ 1, లండన్ రీజెంట్ స్ట్రీట్ పాలిటెక్నిక్. క్లాప్టన్ వాయించే క్రీమ్ బ్యాండ్ కచేరీ. క్లాప్టన్ అంటే అప్పటికే ఊరి గోడల మీద దేవుడని రాసే స్థాయి. హెండ్రిక్స్ లండన్‌లో దిగి వారం. మేనేజరు చాస్ చాండ్లర్ వెళ్ళి, మావోడు ఒక పాట వాయిస్తాడు అన్నాడు. సరే అన్నారు. హెండ్రిక్స్ ఎక్కి, క్రీమ్‌లో బాస్ గిటార్ వాయించే జాక్ బ్రూస్ యాంప్‌లోనే తన గిటార్ వైరు గుచ్చుకుని, బ్లూస్ గాయకుడు హౌలింగ్ వూల్ఫ్ పాట ఒకటి రెట్టింపు వేగంతో ఎత్తుకున్నాడు. ఆ పాట కష్టమని క్లాప్టన్ అనుకునేవాడు. చాండ్లర్ చెప్పినదాని ప్రకారం, క్లాప్టన్ చేతులు గిటార్ మీంచి జారిపోయాయి, స్టేజీ దిగి లోపలికెళ్ళిపోయాడు.

దీన్ని దోపిడీ అందామా? నాకు తేల్చుకోవడం రావట్లేదు. క్లాప్టన్ ఆ తర్వాత అతనికి శత్రువు కాలేదు, స్నేహితుడయ్యాడు, జుట్టు కూడా అలాగే దువ్వించుకున్నాడు.

పలాస జీడిపప్పు, సాయంత్రం 7:41

నా ఓటు మాత్రం జనంలోంచి ఎక్కినోడికి. 1973లో, ద హూ అనే బ్యాండ్, శాన్‌ఫ్రాన్సిస్కో కౌ ప్యాలెస్. డ్రమ్మర్ కీత్ మూన్ మత్తులో స్టేజీ మీదే పడిపోయాడు. లేపారు, మళ్ళీ పడిపోయాడు. పీట్ టౌన్‌షెండ్ మైకులో ‘ఎవరికైనా డ్రమ్స్ వచ్చా’ అని అడిగాడు. స్కాట్ హాల్పిన్ అని 19 ఏళ్ళ కుర్రాడు ఎక్కి మూడు పాటలు లాగించీసాడు. బహుమతిగా టూర్ జాకెట్ ఇచ్చారు. అది కూడా వెంటనే ఎవడో కొట్టీసాడు!

మా పలాసలో ఇలా అడిగితే డ్రమ్స్‌కి నలభై మంది ఎక్కుతారు. దింపడానికి పోలీసులు కావాలి.

బొబ్బిలి వీణ, రాత్రి 8:15

నవ్వాను గానీ, ఒకటి అడగకుండా ఉండలేను. ‘ద బ్యాండ్’ అనే పేరున్న బృందం వాళ్ళ వీడ్కోలు కచేరీ, 1976 నవంబర్ 25, స్కోర్సేసీ సినిమా తీసినది, చాలామంది చూసే ఉంటారు. క్లాప్టన్ గెస్టు. సోలో మొదలుపెట్టగానే అతని గిటార్ పట్టీ ఊడిపోయింది. పక్కనున్న వాళ్ళ గిటారిస్ట్ రాబీ రాబర్ట్‌సన్ ఒక్క క్షణం ఆగకుండా సోలో అందుకున్నాడు. పట్టీ పెట్టుకునేదాకా పాట కింద పడలేదు. ఊడిందని కళ్ళతో చూస్తేనే తెలుస్తుంది, చెవులకి తెలియదు.

కీస్ గారూ, ఏమీ అనుకోకండి. నిన్నటి నుంచి అందరం ఆ టీవీ గాయకుణ్ణి, కమిటీని తిడుతున్నాం. ట్రాన్స్‌పోజ్ మర్చిపోయింది మీరు. జనం నవ్వింది ఆ అమ్మాయిని. ఆ మూడు సెకన్ల తర్వాత మీరు మైకు తీసుకుని ‘తప్పు నాది’ అన్నారా?

మైకుసెట్టు, రాత్రి 8:19

అబ్బో.

గంటస్తంభం కీస్, రాత్రి 9:47

అన్లేదండి.

గంట నుంచి ఇది రాసి చెరిపి రాస్తన్నాను. బటన్ సరిచేసి, తల దించుకుని, మళ్ళీ కౌంట్ ఇచ్చాను. నా పక్కన మైకు లేదని నాకు నేను చెప్పుకున్నాను. ఉంది, కోరస్ మైకు, మూరెడు దూరంలో. దిగాక వ్యాన్‌లో కూడా ఏటీ మాట్లాడలేదు. ఆ అమ్మాయి కిటికీ వైపు తిరిగి కూర్చుంది. పులిహోర పొట్లం అలాగే ఒళ్ళో పెట్టుకుంది. గెస్టు మీద కోపం వస్తే నాకు సుఖంగా ఉందని ఇప్పుడు తెలుస్తంది.

మూడులాంతర్లు, రాత్రి 9:58

రాశావు కదా బాబూ. చాలు, పడుకో.

ఐదున్నర, మర్నాడు ఉదయం 7:30

నమస్కారం అండి. అకౌంట్ ఇప్పుడే తెరిచాను. ఆ అమ్మాయిని నేనే. మా తమ్ముడు ఈ చర్చ లింకు పంపించాడు.

కీస్ అన్నా, బటన్ సంగతి నాకు అప్పుడే తెలుసు. మీ చెయ్యి ఎక్కడికెళ్ళిందో చూశాను. నేనేటీ అనుకోలేదంటే అబద్ధం. రెండు రోజులు అనుకున్నాను.

కానీ ఆ సార్‌ని అందరూ అంటున్నారు, ఆయన తప్పు లేదు. ఎక్కే ముందు మెట్ల దగ్గర నన్ను అడిగారు: ‘ఏమ్మా, ఇది నీ పాటా? నేను వేరేది పాడనా?’ అని. నేనే ‘పర్లేదు సార్, మీరే పాడండి’ అన్నాను. పెద్దాయన అడిగితే కాదని ఎలా అంటాం? అనాల్సింది ‘ఇద్దరం పాడదాం సార్’ అని. ఆ మాట ఇంటికెళ్ళాక తట్టింది. ఎల్టన్ జాన్ పియానో దగ్గరే ఉండిపోయాడని చదివాక ఇంకా బలంగా తట్టింది.

ఆయనా నేనూ పాడితే ఐదున్నరా ఒకటిన్నరా కుదురుతాయా అన్నా?

గంటస్తంభం కీస్, ఉదయం 7:52

కుదుర్తాయి తల్లీ. పల్లవి, మొదటి చరణం ఐదున్నరలో నువ్వు. రెండో చరణం ముందు బిట్‌లో నేను నాలుగు బార్లు (తాళం చుట్లు) మలుపు కార్డ్ వేసి ఒకటిన్నరకి తిప్పుతాను, ఆయన అక్కడ ఎక్కుతారు. ఆఖరి పల్లవి మళ్ళీ నీ శృతికే తెస్తాను. బటన్ ముట్టుకోను, వేళ్ళతోనే వాయిస్తాను. గిటార్ వాడికి నేనే చెప్తాను.

వచ్చే శుక్రవారం ఆమదాలవలస ప్రోగ్రాం ఉంది కదా. ఆ పాట మొదట్లోనే పెడతన్నాను. గెస్టున్నా లేకపోయినా నీదే. మొదలెట్టే ముందు మైకులో రెండు ముక్కలు నేను మాట్లాడాలి.

పలాస జీడిపప్పు, ఉదయం 8:01

నేను వస్తన్నాను. జాకెట్ వేసుకుని రాను.

మైకుసెట్టు, ఉదయం 8:10

ఆమదాలవలసకి సౌండ్ నాదే. కీబోర్డ్ పక్కన ఒక మైకు విడిగా పెడతాను, కొత్త బ్యాటరీ వేసి. ఊదొద్దు.